పేలిన రాకెట్‌కు లెక్క చెప్పేదెవరు?

2023 ఏప్రిల్ 20న టెక్సస్ దక్షిణ కొసన, మెక్సికో సరిహద్దు పక్కనే ఉన్న బోకా చికా తీరం నుంచి స్పేస్‌ఎక్స్ కంపెనీ స్టార్‌షిప్ మొదటిసారి పూర్తి ఆకారంలో పైకి లేచింది. దాదాపు 120 మీటర్ల పొడవు, అడుగున 33 ఇంజిన్లు. మూడు ఇంజిన్లు మొదట్లోనే పనిచేయలేదు, దారిలో మరికొన్ని మొరాయించాయి. 39 కిలోమీటర్ల ఎత్తుకు చేరేసరికి రాకెట్ అదుపు తప్పి పల్టీలు కొట్టసాగింది. అలాంటప్పుడు దాన్ని గాల్లోనే పేల్చేసే ఏర్పాటు అందులోనే ఉంది. ఆ ఏర్పాటు పనిచేసింది గానీ, రాకెట్ ముక్కలవడానికి మరో 40 సెకన్లు పట్టింది. నాలుగు నిమిషాల్లో అంతా అయిపోయింది. కంపెనీ ఉద్యోగులు ఈలలు వేసి, చప్పట్లు కొట్టి పండగ చేసుకున్నారు. అక్కడికి పది కిలోమీటర్ల దూరంలో ఉన్న పోర్ట్ ఇసబెల్ ఊళ్లో మాత్రం ఆకాశం నుంచి ఇసుక, దుమ్ము రాలాయి.

ఇది గెలుపా, ఓటమా అని అమెరికాలో పెద్ద రచ్చే జరిగింది. కోటీశ్వరుడి ఆటబొమ్మ కోసం ఇంత తగలేయాలా అన్నారు కొందరు. ఇంజనీరింగ్ అంటే ఇదే, పేల్చుకుంటూ నేర్చుకోవడమే అన్నారు మరికొందరు. నన్నడిగితే రెండు పక్షాలూ అసలు ప్రశ్నను పక్కన పెట్టాయి. పరీక్షలో రాకెట్ పేలడం తప్పేమీ కాదు. పేలినప్పుడు కొత్తగా తెలిసిందేమిటి, ఆ తెలిసింది ఎవరి దాకా చేరింది, నష్టం ఎవరి నెత్తిన పడింది? పరీక్ష విలువ తేలేది అక్కడ.

పేల్చుకుంటూ నేర్చుకునే పద్ధతికి బలమైన సాక్ష్యమే ఉంది. ఇదే కంపెనీ మొదటి రాకెట్ ఫాల్కన్-1, పసిఫిక్ మహాసముద్రంలోని చిన్న దీవి ఓమెలెక్ నుంచి 2006, 2007, 2008లలో వరుసగా మూడుసార్లు విఫలమైంది. 2008 సెప్టెంబర్ 28న నాలుగోసారి కక్ష్యకు చేరింది. ఆ ఏడాది చివర్లోనే నాసా ఈ కంపెనీకి 160 కోట్ల డాలర్ల సరుకు రవాణా కాంట్రాక్టు ఇచ్చింది. ఇంకోవైపు నాసా సొంత రాకెట్ ఎస్‌ఎల్‌ఎస్ ఏళ్లకేళ్లు ఆలస్యమై 2022 నవంబరులో ఎగిరింది. మొదటి ప్రయోగమే సజావుగా సాగింది. కానీ మొదటి కొన్ని ప్రయోగాలకు ఒక్కోదానికి 410 కోట్ల డాలర్లు అవుతుందని నాసా ఇన్‌స్పెక్టర్ జనరలే లెక్కగట్టారు. తప్పు జరగకుండా చూసుకోవడానికీ ఖర్చవుతుంది, అది టీవీలో కనబడదు, అంతే.

కాబట్టి రాకెట్ పేలడం మీద నాకు పేచీ లేదు. పేచీ లాంచ్‌ప్యాడ్ మీద. అంత పెద్ద రాకెట్ వెలిగితే కింద నేల ఏమవుతుందో 1960ల్లోనే తెలుసు. శాటర్న్-5 కోసం ఫ్లోరిడాలో మంటను పక్కకు మళ్లించే లోతైన కందకం కట్టారు. బోకా చికాలో ఆ కందకం లేదు. అదేమీ మరచిపోయి చేసిన పని కాదు. మంట మళ్లించే నిర్మాణం లేకుండా చూద్దామనుకుంటున్నామని, అది పొరపాటు కావొచ్చని కూడా కంపెనీ అధిపతి ఎలాన్ మస్క్ 2020లోనే రాశారు. కావొచ్చన్నది అయింది. 33 ఇంజిన్ల దెబ్బకు ప్యాడ్ కింద కాంక్రీటు పెచ్చులుగా లేచిపోయి పెద్ద గొయ్యి పడింది. కాంక్రీటు దిమ్మెలు, ఇనుప ముక్కలు 385 ఎకరాల్లో చెల్లాచెదురయ్యాయని అమెరికా వన్యప్రాణి శాఖ నమోదు చేసింది. పక్కనున్న రాష్ట్ర పార్కులో మూడున్నర ఎకరాలు కాలిపోయాయి. చచ్చిన పక్షులేవీ దొరకలేదని అదే శాఖ చెప్పింది, ఆ మాటా చెప్పాలి. ఆకాశంలో రాకెట్ ఎందుకు తిరగబడిందో తెలుసుకోవడం కొత్త పాఠం. నేల ఎందుకు పగిలిందన్నది పాత పుస్తకంలో ఉన్నదే. రెంటినీ ఒకే గాటన కట్టి మొత్తానికి ‘నేర్చుకున్నాం’ అంటే ఒప్పుకోవడం కష్టం.

తర్వాత ప్యాడ్ కింద నీళ్లు చిమ్మే ఉక్కు పలక బిగించారు. 2023 నవంబర్ 18న రెండో ప్రయోగంలో 33 ఇంజిన్లూ వెలిగాయి, ప్యాడ్ చెక్కుచెదరలేదు. అయితే ఆ నీళ్లు వదలడానికి అనుమతి తీసుకోలేదని పర్యావరణ శాఖ దాదాపు లక్షా 48 వేల డాలర్ల జరిమానా వేసింది. ఆ కంపెనీకి అది చిల్లర. 2024 అక్టోబర్ 13న తిరిగొస్తున్న బూస్టర్‌ను టవర్ చేతులు గాల్లోనే పట్టుకున్నాయి. విమర్శకులు కూడా నోరెళ్లబెట్టిన రోజది. ఆ తర్వాత 2025 జనవరిలో ఒకసారి, మార్చిలో ఇంకోసారి పై భాగం పేలి, కరీబియన్ దీవుల వైపు శకలాలు కురిశాయి. ఆకాశంలో ఉన్న ప్రయాణికుల విమానాలు దారి మళ్లాల్సి వచ్చింది. వాటిలో కూర్చున్నవాళ్లెవరూ ఈ పరీక్షకు సంతకం పెట్టలేదు. సొమ్మొకడిది సోకొకడిది అనేది ఇలాంటి చోటే.

అమెరికా పద్ధతిలో మనం తీసుకోదగ్గది ఒకటుంది, వదిలేయదగ్గది ఒకటుంది. మొదటి పేలుడు తర్వాత ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్, అంటే ఎఫ్‌ఏఏ, రాకెట్‌ను నిలిపేసింది. 63 దిద్దుబాట్లు చేయాలని అదే ఏడాది సెప్టెంబరులో బహిరంగంగా చెప్పింది. కంపెనీకి కాంట్రాక్టులిచ్చే నాసా వేరు, అనుమతిచ్చే ఎఫ్‌ఏఏ వేరు. ఇది మంచి విషయం. కానీ దర్యాప్తు నడిపింది ఎఫ్‌ఏఏ పర్యవేక్షణలో ఆ కంపెనీయే. వ్యాపార రహస్యాలున్నాయని పూర్తి నివేదికను బయటపెట్టలేదు. పైగా ప్రైవేటు ప్రయోగాలను అదుపు చేయడంతో పాటు ప్రోత్సహించడం కూడా చట్టం ఎఫ్‌ఏఏకే అప్పగించింది. కొమ్ముకాయాల్సిన చేతికే కొరడా ఇచ్చారన్నమాట.

ఇప్పుడు మన సంగతి. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన ఎస్‌ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో పడింది. రెండో దశను అదుపు చేసే వ్యవస్థలో ఒక కవాటం మూసుకోక నైట్రిక్ యాసిడ్ కారిపోయింది. ఈ సంగతి మనకు తెలుసు, ఎందుకంటే వాళ్లు చెప్పారు. అబ్దుల్ కలాం ప్రాజెక్టు నడిపితే, విలేకరుల ముందుకొచ్చి ఓటమిని తన మీద వేసుకున్నది ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్. మరుసటి ఏడాది జులై 18న ఆ రాకెట్ కక్ష్యకు చేరింది. పేలుడు నుంచి నేర్చుకోవడం మనకు టెక్సస్ నుంచి దిగుమతి చేసుకోవాల్సిన విద్య కాదు.

ఆ అలవాటు ఇప్పుడు పలచబడుతోంది. 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61 మూడో దశలో దెబ్బతింది. వైఫల్య విశ్లేషణ నివేదికను జనం ముందు పెట్టకుండానే 2026 జనవరి 12న సీ62ని పంపారు, అదీ మూడో దశలోనే పోయింది. ఈసారి పోయింది ప్రభుత్వ ఉపగ్రహం ఒక్కటే కాదు, హైదరాబాద్‌లోని ధ్రువ స్పేస్ లాంటి సంస్థలు కష్టపడి తయారుచేసుకున్న చిన్న ఉపగ్రహాలూ ఉన్నాయి. మొదటి దెబ్బ ఎందుకు తగిలిందో పూర్తిగా తెలిసి ఉంటే వాళ్లు ఎక్కేవాళ్లా, ఆగేవాళ్లా? ఆ నిర్ణయం తీసుకునే అవకాశమైతే వాళ్లకు దక్కలేదు.

ప్రైవేటు రాకెట్లు వచ్చాక ఈ ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది. హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ 2022 నవంబర్ 18న విక్రమ్-ఎస్‌ను శ్రీహరికోట నుంచి 89.5 కిలోమీటర్ల ఎత్తుకు పంపింది. చెన్నై కంపెనీ అగ్నికుల్ పలుమార్లు కౌంట్‌డౌన్ ఆపి, 2024 మే 30న శ్రీహరికోటలోని సొంత ప్యాడ్ నుంచి ఎగిరింది. ఇలాంటి కంపెనీల రాకెట్లు కొన్ని పేలతాయి. పేలకపోతే వాళ్లు ధైర్యం చేయడం లేదని అర్థం. వీళ్లకు అనుమతులిచ్చేది ఇన్-స్పేస్. వీళ్లను ప్రోత్సహించే పనీ దానిదే. అది, ఇస్రో రెండూ అంతరిక్ష శాఖ కిందివే. ఎఫ్‌ఏఏలో ఉన్న లోపం మన దగ్గర ఇంకో మెలిక ఎక్కువే తిరిగింది. 1972 అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం మన గడ్డ మీది నుంచి లేచిన ప్రైవేటు రాకెట్ ఇంకో దేశంలో నష్టం చేస్తే పరిహారం బాధ్యత భారత ప్రభుత్వానిది, అంటే పన్ను కట్టేవాడిది.

శ్రీహరికోట బోకా చికా కాదు. అది పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్య కాపలా ఉన్న దీవి. ఊళ్లు దూరం. అయితే ఆ దూరం ఊరికే రాలేదు, అక్కడ బతికిన యానాదులను ఖాళీ చేయిస్తే వచ్చింది. ఇవాళ్టికీ ప్రయోగం రోజున జాలర్లు వేటకు వెళ్లకూడదు. కౌంట్‌డౌన్ ఆగిపోయి ప్రయోగం మరో రోజుకు వాయిదా పడితే ఇంకో రోజు వేట పోతుంది. ఏడాదికి నాలుగైదు ప్రయోగాలున్నంత కాలం సర్దుకుపోయారు. ప్రైవేటు కంపెనీలు నెలకొకటి పంపే రోజు వస్తే ఆ పోయిన వేటకు లెక్క కట్టేదెవరు? కంపెనీ ఖాతాలో అది ఖర్చు కింద రాదు, ఇస్రో ఖాతాలోనూ రాదు.

ఇక నివేదికల సంగతికొస్తే, అహ్మదాబాద్‌లో 2025 జూన్ 12న విమానం కూలితే సరిగ్గా నెలకు ప్రాథమిక నివేదిక బయటికొచ్చింది. దాని మీద ఎన్ని విమర్శలున్నా, నెల గడువు అనేది ఒకటుంది. రాకెట్‌కు ఆ గడువు లేదు. అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదా 2017లో తయారై ఇంకా చట్టం కాలేదు. వైఫల్యాన్ని అంతరిక్ష శాఖకు బయటి సంస్థ విచారించాలని, వ్యాపార రహస్యాలు తీసేసి అయినా నివేదికను ఫలానా రోజుల్లో ప్రచురించాలని, ప్రయోగ బీమాలో జాలర్లు కోల్పోయిన వేట రోజులు కూడా ఉండాలని అందులో రాయడానికి ఇంకా వీలుంది.