పెళ్ళికూతురి ముఖం మీదనా మీ బేరం?

మామిడికుదురు మండలంలో పెళ్ళి నిశ్చయమైన ఏ ఇంటనైనా జరిగే బేరసారాలను గమనించండి. షామియానా వారికీ, వంటల కాంట్రాక్టరుకూ, డ్రోను కెమెరా తెచ్చే ఫొటోగ్రాఫరుకూ అడిగిన దానిలో ఏదో కాస్త తగ్గించి ఒప్పుకొంటారు. మేకప్ చేసే అమ్మాయి వద్దకు వచ్చేసరికి స్వరం మారుతుంది. "మన ఊరి పిల్లవే కదమ్మా, సగానికి చేసెయ్యి. పెళ్ళికూతురితో పాటు తోడి పెళ్ళికూతురికీ, నాకూ, మా ఆడపడుచుకీ కూడా కాస్త అద్దెయ్యి. చేతిలో పనే కదా!" ఆ అమ్మాయి కాదనలేదు. కాదంటే పక్క ఊరి అమ్మాయి సిద్ధంగా ఉంటుందని ఆమెకు తెలుసు.

ఇది ఇరుపక్షాల సొంత వ్యవహారం, నడుమ వైద్యునికేమి పని అని మీరు అడగవచ్చు. తగ్గించిన రూపాయి ఆమె పెట్టెలోంచి ఏ వస్తువుగా మాయమవుతుందో, కొన్నాళ్ళకు అది చర్మవైద్యుని వద్దకో కంటివైద్యుని వద్దకో ఏ రూపంలో చేరుతుందో తెలిసినవాడిని కనుకనే ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

లెక్క వేసి చూద్దాం. ఈ అంకెలు ఊహకు తీసుకున్నవి మాత్రమే. మీ ఊరి ధరలు వేసుకుని మీరే సరిచూసుకోండి. ఒక అమ్మాయి 40,000 రూపాయలతో సామగ్రి కొన్నదనుకుందాం. అది అయిపోయేలోగా, లేక పాడయ్యేలోగా, 40 పెళ్ళిళ్ళకు వస్తే ఒక్కొక్క ముఖానికి 1,000 రూపాయలు. ఆ ఒక్క మనిషికే వాడి పారవేయవలసిన స్పాంజీలు, మస్కారా పుల్లలు, దూది, తుడుపు కాగితాలకు 350. ముహూర్తం తెల్లవారుజామున రాజోలులోనో అమలాపురంలోనో ఉంటే ఆటోకు 600. జడ వేయడానికీ, చీర కట్టడానికీ వెంట వచ్చే సహాయకురాలికి 800. వెరసి 2,750. ఆమె 6,000 అడిగితే చేతికి మిగిలేది 3,250. అది రాత్రంతా చేసిన ఆరు గంటల పనికీ, మరునాడు బ్రష్షులు కడిగి ఆరబెట్టే రెండు గంటలకూ కలిపి. మీరు దానిని 3,000కు దించారు. మిగిలేది 250 రూపాయలు. ఆటో అతను తగ్గించడు, సహాయకురాలు తగ్గించదు. ఇక తగ్గగలిగినవి రెండే ఉన్నాయి: సామగ్రి నాణ్యత, శుభ్రత. ఆ రెండింటినీ ఆమె తగ్గించడం మీ కంటికి కనబడదు. రంగు అలాగే ఉంటుంది, ఫొటో అలాగే వస్తుంది.

పై లెక్కలో 40 పెళ్ళిళ్ళన్న మాట దగ్గర కొంత ఆగాలి. మన వైపు ముహూర్తాలు ఏడాది పొడుగునా ఉండవు. ఆషాఢం వచ్చిందంటే పని లేదు, మూఢం వచ్చిందంటే పని లేదు. కాని మూత తీసిన సీసాకు మూఢం తెలియదు. మస్కారాను తెరచిన మూడు నెలలకు పారవేయాలన్నది నేత్రవైద్యులు సాధారణంగా చెప్పే మాట. మాఘమాసంలో తెరచిన మస్కారా శ్రావణమాసపు పెళ్ళికూతురి కంటికి పనికిరాదు. డబ్బా మీద మూత తెరచిన గిన్నె బొమ్మ, అందులో 6ఎమ్, 12ఎమ్ అన్న గుర్తు ఉంటుంది. తెరచిన తరువాత ఎన్ని నెలలు వాడవచ్చో అది చెబుతుంది. ఈ వృత్తిలో ఉన్న అమ్మాయిలు తెరచిన తేదీని ప్రతి డబ్బా మీదా వ్రాసుకోవాలి. వస్తువు ఖరీదును ఏడాదిలోని రోజులతో కాక, ఆ గడువులో పడే ముహూర్తాలతోనే భాగించాలి. అప్పుడే అసలు ధర తెలుస్తుంది. చాలామంది నష్టపోయేది ఇక్కడే. నష్టాన్ని పూడ్చుకోవడానికి గడువు తీరిన డబ్బాను మరొక పెళ్ళికి మోసుకుపోయేదీ ఇక్కడే.

మస్కారాకు ఇంత పట్టుదల ఎందుకంటారా? పుల్ల కంటిరెప్పను తాకి తిరిగి గొట్టంలోకి పోతుంది. రెప్పల మీది సూక్ష్మజీవులను వెంట తీసుకుపోతుంది. లోపల తడి, చీకటి. పుల్ల కొన పొరపాటున నల్లగుడ్డును గీరిందా, సూడోమొనాస్ వంటి క్రిమి ఒకటి రెండు రోజులలో కంటిపొరను కరిగించివేయగలదు. కలుషితమైన మస్కారా వలన ఇలాంటి పుండ్లు పడడాన్ని అమెరికా నేత్రవైద్యులు 1977లోనే వైద్యపత్రికలో ప్రకటించారు. పెదవి మీద హెర్పిస్ పొక్కు ఉన్న పిన్నిగారికి నేరుగా రాసిన లిప్‌స్టిక్‌నే పెళ్ళికూతురికీ రాస్తే ఆ వైరస్ జీవితాంతం ఆమె నరాలలో కాపురం ఉంటుంది. "అందరికీ కాస్త అద్దెయ్యి" అన్నప్పుడు మీరు కోరినది ఒకే స్పాంజి అయిదు ముఖాల మీద తిరగడమే. కోనసీమ గాలిలో తేమ ఎంతో మీకు తెలియనిది కాదు. వానాకాలంలో అప్పడాలే ఆరవు, మేకప్ స్పాంజి ఎక్కడ ఆరుతుంది? దానిని ఎంత కడిగినా లోపలి రంధ్రాలు శుద్ధి కావు. ఒక ముఖానికి ఒక స్పాంజి, ఆ తరువాత చెత్తబుట్ట. ఇందులో రాజీ లేదు.

కనుక పెట్టెలో ఏమి ఉండాలన్న ప్రశ్నకు నా సమాధానం పేరున్న బ్రాండ్లతో మొదలు కాదు. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలు, ఒక స్టీలు పళ్ళెం, ఒక స్టీలు గరిటె, పారవేసే పుల్లలు మొదట కొనండి. ఆల్కహాలు శాతం ఎక్కువైతే ఇంకా మంచిదనుకోకండి. క్రిమి శరీరంలోని మాంసకృత్తులు చెడడానికి కొంత నీరు కావాలి, 70 శాతం ఉండేది అందుకే. క్రీము, లిప్‌స్టిక్ ఏదైనా గరిటెతో పళ్ళెంలోకి తీసుకుని అక్కడి నుంచే వాడండి. పళ్ళెంలోనిది తిరిగి డబ్బాలోకి పోకూడదు. మస్కారాకు ఒక్కసారి ముంచిన పుల్ల రెండవసారి ముంచరాదు. బ్రష్షును ప్రతి మనిషి తరువాత సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి వాడండి. అందుకు రెండు మూడు జతలు ఉండక తప్పదు. నలభై రంగుల లిప్‌స్టిక్ పెట్టె కొని గొప్పగా చూపడం కంటె, కలిపితే ఏ రంగైనా వచ్చే ఏడెనిమిది చిన్న పరిమాణాలు కొని గడువులోగా ఖాళీ చేయడం తెలివైన పని. రేకుల షెడ్డులో, స్కూటరు డిక్కీలో ఎండకు పెట్టెను ఉంచకండి.

ఇక రంగు సంగతి. ఇక్కడ తప్పు ముప్పాతిక మువ్వీసం మనదే. "పిల్లను రెండు ఛాయలు తెల్లగా చూపించాలి" అని మనం అడుగుతున్నంత కాలం, తెల్లబరచే క్రీములు పెట్టెలలోకి వచ్చి చేరుతూనే ఉంటాయి. పెళ్ళికి నెల ముందునుంచి రాసుకొమ్మని చేతిలో పెట్టే పేరూ ఊరూ లేని డబ్బాలున్నాయే, వాటిమీద నాకు పట్టరాని కోపం. కొన్ని ఇక్కడే కలిపినవి, కొన్ని గల్ఫ్ నుంచి వచ్చే చుట్టాల పెట్టెలలో దిగినవి. వాటిలో ఉండగలవి రెండు. ఒకటి స్టెరాయిడు. వారంలో మెరుపు తెస్తుంది. నెలలు గడిచేసరికి చర్మం పలుచబడి, ఎర్రటి నరాలు తేలి, మొటిమలు, వెంట్రుకలు వచ్చి, మానేస్తే మంట పుట్టి, వాడితే చెడి, ముందు నుయ్యి వెనుక గొయ్యి అవుతుంది. కేంద్ర ప్రభుత్వం 2018 మార్చిలో 14 స్టెరాయిడు లేపనాలను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాని షెడ్యూలులో చేర్చింది అందుకే.

రెండవది పాదరసం. మన కేరళలోనే, మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో మూత్రపిండాల వైద్యులు 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు వరకు మెంబ్రేనస్ నెఫ్రోపతి అన్న వ్యాధితో వచ్చిన 22 మందిని పరిశీలించారు. 15 మందిలో నెల్-1 అన్న ప్రత్యేక లక్షణం కనబడింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబరచే క్రీములు వాడినవారు. ముఖానికి పూసినది మూత్రంలో మాంసకృత్తులుగా బయటపడిందన్నమాట. 2020 నాటి సౌందర్య సాధనాల నియమాల ప్రకారం కంటికి వాడేవి కాని సాధనాలలో పాదరసం పది లక్షల భాగాలలో ఒక్క భాగానికి మించరాదు. అదైనా తెలియక చేరినదే అయి ఉండాలి. డబ్బా మీద తయారీదారుని చిరునామా, బ్యాచి నంబరు, గడువు తేదీ, దిగుమతి సరుకైతే దిగుమతి రిజిస్ట్రేషను నంబరు, దిగుమతిదారుని చిరునామా లేనిదే ముట్టుకోకండి. బిల్లు ఇవ్వని దుకాణంలో కొనకండి.

విషపు రంగులు మనకు కొత్త కావు. వీధిభాగవతులు ముఖానికి పూసుకున్న అర్దళం ఆర్సెనికు సమ్మేళనం; ఇంగిలీకం పాదరస సమ్మేళనం. వారికి వేరే దారి తెలియదు. మనకు తెలుసు.

నన్ను ఎదిరించేవారి వాదన ఒకటి ఉంది: "ఇది పల్లెటూరండీ, హైదరాబాదు ధరలు ఇక్కడెవరిస్తారు?" ఒప్పుకోను. ఒక రోజు పూలమండపానికి పెట్టగలిగిన ఇల్లు ఆరు స్పాంజీలకు పెట్టలేనిదవుతుందా? నిజంగా పెట్టలేని ఇల్లయితే మనుషుల సంఖ్యను తగ్గించుకోమనండి. ఒక్క పెళ్ళికూతురికి శుభ్రంగా చేయించడం మేలు. మరొక వాదన ఇంకా అన్యాయమైనది: అది చదువు లేని పని, దానికింత ధర ఎందుకని. సినిమా మేకప్ సంఘాలు స్త్రీలను కేశాలంకరణకే పరిమితం చేసి మేకప్ కార్డు నిరాకరిస్తే, ఆ ఆంక్ష చెల్లదని చారూ ఖురానా కేసులో సుప్రీంకోర్టు 2014 నవంబరులో తీర్పు చెప్పవలసి వచ్చింది. కోర్టు తలుపు తట్టి సంపాదించుకున్న వృత్తిని మన వసారాలో కూర్చుని తేలిక చేయడం పెద్దరికం కాదు.

అమ్మాయిలకు ఒక మాట. ధరను గంపగుత్తగా చెప్పకండి. అంకెను మూడుగా విడగొట్టి కాగితం మీద వ్రాసి ఇవ్వండి: మీ శ్రమ, ప్రయాణం, శుభ్రతా సామగ్రి. మొదటి దానిలో తగ్గించుకుంటారో లేదో మీ ఇష్టం. మూడవ దానిని అడిగిన వారికి, "ఆపరేషనుకు కొత్త సూది వద్దు, పాతదే వాడండి అంటారా అండీ?" అని అడగండి. అదనపు ముఖానికి అదనపు ధర చెప్పండి. రెండు రోజుల ముందే పిలిపించుకుని, వాడబోయే పౌండేషనునూ, రెప్పలంటించే జిగురునూ మోచేతి మడతలో కొద్దిగా రాసి 48 గంటలు చూడండి; ఆ రాకకు కూడా ధర కట్టండి. నిమిషాలలో నల్లగా పండుతుందనే మెహందీ కోన్లను పెట్టెలోకి రానివ్వకండి. వాటిలో జుట్టు రంగుల పీపీడీ ఉండవచ్చు. ఒకసారి పడకపోతే జన్మంతా పడదు. రంగు కంటికటకాలు మీ పెట్టెలో అసలే ఉండరాదు. ఒకరి కంట్లోంచి తీసి మరొకరి కంట్లో పెట్టడమైతే నా దృష్టిలో నేరం. కావలసిన వారు కంటివైద్యునితో కొలతలు తీయించుకుని సొంతవి తెచ్చుకుంటారు.

పెళ్ళి మరునాడు కన్ను ఎర్రబడి, నొప్పితో వెలుతురు చూడలేకపోతే, చూపు మసకబారితే, దానిని నిద్రలేమి అనుకోకండి. మందుల దుకాణంలో చుక్కల మందు అడిగి వేసుకోకండి. అందులో స్టెరాయిడు ఉంటే పుండు మరింత లోతుకు పోతుంది. వాడిన మస్కారాను, కటకాలను ఒక కవరులో పెట్టుకుని ఆ పూటే కంటివైద్యుని వద్దకు వెళ్ళండి. సత్యనారాయణ వ్రతం సాయంత్రం చేసుకోవచ్చు.