పాడింది ఆమె, కాగితం కంపెనీది

టేలర్ స్విఫ్ట్ ఎవరో మన పల్లె పోరలకు నేను చెప్పుడు అక్కర్లేదు. రీల్స్‌ల ఆమె గొంతు మోగుతనే ఉంటది. ఆమె బట్టలు, పెండ్లి ముచ్చట్లు ఎట్లనో నాకు పట్టింపు లేదు. పాటల హక్కు కోసం ఆమె చేసిన కొట్లాట మాత్రం మనం తెలుసుకోవాలె.

ఆమె మొదటి ఆల్బం 2006ల వచ్చింది. బిగ్ మెషీన్ అనే కంపెనీ కింద ఆరు ఆల్బంలు చేసింది. 'లవ్ స్టోరీ', 'షేక్ ఇట్ ఆఫ్' అన్నీ అప్పటియే. ఒప్పందం ప్రకారం రికార్డింగులు కంపెనీయి. 2019ల స్కూటర్ బ్రాన్ సంస్థ ఆ కంపెనీని కొన్నది, మరుసటేడు ఆ రికార్డింగులు ఒక పెట్టుబడి సంస్థకు పోయినయి. మనూర్ల పొలం చేతులు మారినట్టు పాటలు చేతులు మారినయి, పాడిన మనిషి చూసుకుంట నిలవడ్డది.

ఇక్కడ్నే ఉన్నది మెలిక. ఒక్క పాటకు రెండు హక్కులుంటయి. రాసిన మాట, కట్టిన బాణీ ఒకటి. స్టూడియోల రికార్డు చేసిన శబ్దం ఇంకొకటి. కంపెనీ చేతిలున్నది రెండోదే. పాటలు రాసింది తనే కాబట్టి స్విఫ్ట్ అవ్వే పాటల్ని మళ్ల పాడింది. 2021ల రెండు ఆల్బంలు, 2023ల రెండు. 'ఆల్ టూ వెల్' పది నిమిషాల పాట అమెరికా బిల్‌బోర్డ్ లిస్టుల మొదటి నంబరుకు ఎక్కింది. (పది నిమిషాల పాట ఎవరింటరని మన దగ్గరైతే నవ్వుతరు!) అభిమానులు పాతది ఇడిసిపెట్టి కొత్తది విన్నరు. ఆఖరికి 2025 మేల పాత రికార్డింగులన్నీ ఆమెనే కొనుక్కున్నది.

ఆమె దగ్గర పైసలున్నయి, 149 షోల ఎరాస్ టూర్ ఉన్నది. మనకు లేవు, నిజమే. కని మన దగ్గర సుత చట్టం ఉన్నది. 2012ల కాపీరైట్ చట్టాన్ని సవరించిన్రు. పాట రాసినోళ్లకు, బాణీ కట్టినోళ్లకు రాయల్టీల వాటా ఉన్నది. ఆ వాటాను సంతకం పెట్టి వదులుకున్నా చెల్లదు. పాడినోళ్లకు సుత రాయల్టీ హక్కు పెట్టిన్రు.

మరి జరుగుతున్నదేంది? యూట్యూబ్ జానపదం రాసి పాడే పిల్లలు నాకు చానమంది తెలుసు. ఒకపారి ఇంతని చేతుల పెడ్తరు, కాగితం మీద సంతకం తీస్కుంటరు. వ్యూస్ కోట్లల్ల పోతయి, పిల్లగాడు మళ్ల కూలికి పోతడు. తమ్మీ, చెల్లె, ఆ కాగితం ఇంటికి తెచ్చుకోని చదువుర్రి. సర్వహక్కులు అన్న మాట ఉంటే ఎన్నేండ్లకని అడుగుర్రి. రాసినోళ్ల పేరు మీదే అని అండ్ల ఎక్కించుర్రి.

మన నాయనమ్మలు నాట్లల్ల పాడిన పాట సంగతి వేరే. దానికి రాసినోళ్ల పేరే లేదు. రేపు ఎవడన్న దాన్ని రికార్డు చేసి, నాదే అని మన ఊరి పిల్ల వీడియోను తీసేపిస్తే, స్విఫ్ట్ దారి అక్కడ పనికిరాదు. దానికి ఊరంత కలిసి కొట్లాడవలసిందే.