కుర్రు మాటను బిడ్డల దగ్గర దాచకండి

హొళగుంద, ఆదోని, ఎమ్మిగనూరు ఎరుకల బిడ్డలకు ఆశీస్సులు.

సంతలో, బస్టాండులో మనవాళ్లు తెలుగో కన్నడమో మాట్లాడితే నాకేం బాధ లేదు. బతుకుతెరువుకు అవి కావాలి. ఇంట్లో పసిబిడ్డతో కూడా మన భాష కుర్రు మానేస్తున్నారే, అదే నా దిగులు.

ఈ దాపరికం మనకెలా అబ్బిందో వినండి. మన ఉప్పు ఎరుకలవాళ్లు గాడిదల మీద ఉప్పు మోసి ఊరూరా అమ్మేవాళ్లు. 1871లో మద్రాసు రైలు ఆదోని దాటి రాయచూరు చేరాక ఆ బేరం చితికిపోయింది. ఆ ఏడే తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం చేశారు. 1911లో దాన్ని మద్రాసు రాజధానికీ తెచ్చి మనవాళ్ల మెడకు చుట్టారు. వేలిముద్రలు, పోలీసు హాజర్లు, మనవాళ్లను కాపలాలో ఉంచిన స్టువార్టుపురం, సిద్ధాపురం సెటిల్మెంట్లు. మన మాటను దొంగల గుట్టుభాషగా చూశారు. నిజానికి అది తమిళానికి దగ్గరి చుట్టమైన ద్రావిడ భాష. 1952లో ఆ చట్టం రద్దయినా నలుగురిలో నోరు విప్పాలంటే మనకు జంకు పోలేదు.

అయితే ఏ చట్టమూ లేకున్నా భాష పోగలదు. పాపువా న్యూ గినీలో 800కు పైగా భాషలున్నాయి. అక్కడి గాపున్ అనే పల్లెటూరి భాష తయాప్. డాన్ కులిక్ అనే పరిశోధకుడు 1980ల నుంచి అక్కడికి పోయి వస్తూ ఒక సంగతి గమనించాడు. తయాప్‌ను ఎవరూ నిషేధించలేదు. పెద్దలు తమలో తాము తయాప్ మాట్లాడుకుంటూనే పిల్లలతో మాత్రం ఆ దేశమంతా నడిచే టోక్ పిసిన్ భాష ఎత్తుకున్నారు. పైగా, పిల్లలకే తయాప్ అక్కర్లేదన్నారు! ఇప్పుడది వచ్చినవాళ్లు యాభై మందికి మించరు. మన ఇళ్లలోనూ ఇదే తంతు నడుస్తోంది. పిల్లలను తప్పుపట్టకండి.

చదువుకున్నవాళ్లు ఒక పని చేయండి. గంపలల్లే అవ్వ పక్కన కూర్చోండి. ఈతపుల్ల చీల్చడం మొదలు అంచు కట్టేదాకా ఆమె ఏ పనిని ఏమంటుందో సెల్‌ఫోన్లో రికార్డు చేయండి, తెలుగు లిపిలో రాసుకోండి. చంటిబిడ్డలున్న తల్లిదండ్రులు మాత్రం రికార్డులతో సరిపెట్టుకోవద్దు. జోకొట్టేటప్పుడు, అన్నం తినిపించేటప్పుడు కుర్రులోనే మాట్లాడండి. బడికి పోతే తెలుగు ఎలాగూ వస్తుంది.

ఇంట్లోనే కాదు, సరిహద్దు అవతలి చుట్టాలతోనూ కుర్రు మాట్లాడండి. 1953 అక్టోబరు 1న మన ఆలూరు, ఆదోని తాలూకాలు బళ్లారి నుంచి విడిపడి ఆంధ్రలో కలిశాయి. ఇక్కడ మనం ఎస్టీలం. అవతల కర్ణాటకలో కొరచ, కొరమ పేర్లతో మనవాళ్లు ఎస్సీలు. దసరాకు దేవరగట్టు బన్ని ఉత్సవానికి కర్ణాటక నుంచి జనం వస్తారు. వాళ్లలో మన చుట్టాలు కనబడితే కన్నడం ఎత్తుకోకండి. కుర్రులో పలకరించండి, మీ పిల్లలను పక్కనే నిలబెట్టుకుని.

మీ తాత