వెనక వరసలో ఎవరు?

2021లో విశాఖలో చెత్త పన్ను వేశారు. ఇంటికి నెలకు 120 రూపాయలు, మురికివాడల్లో 60. జీవీఎంసీ దగ్గర గాంధీ విగ్రహం ముందు ధర్నా అంటే బడి వదిలాక నేనూ వెళ్లి కూచున్నాను. ముందు వరసలో అపార్ట్‌మెంట్ల పెద్దలు. ‘పన్నులు కట్టేది మేము’ అని ఒకటే మాట. మరి వెనక కూచున్నదెవరయ్యా? తెల్లారకముందే ఊరి చెత్త ఎత్తే మన రెల్లి, మాల, మాదిగ అక్కచెల్లెళ్లు. ఎత్తేదీ వాళ్లే, ఆ చెత్తకి పన్ను కట్టాల్సిందీ వాళ్లే! సబ్బుబిళ్ల కొన్నా వాళ్లు కట్టేది పన్ను కాదా?

2023 డిసెంబరు ఆఖర్న ఆ పారిశుధ్య కార్మికులే జీతాల కోసం రాష్ట్రమంతా సమ్మెకి దిగాల్సొచ్చింది. ఆ రోజుల్లోనే రుషికొండని తొలిచి వందల కోట్లతో భవనాలు లేపారు. ఎవరబ్బ సొమ్ము?

2024లో ప్రభుత్వం మారింది, చెత్త పన్ను రద్దన్నారు. సంతోషమే. కానీ మన లెక్క తేలలేదు. జనాభా ప్రకారం మన వాటా మనకే ఖర్చు పెట్టాలని 2013 సబ్ ప్లాన్ చట్టం చెప్తోంది. మన పేటకి ఎంతొచ్చింది, ఎటు పోయిందని అడిగామా? బాబాసాహెబ్ 1925లోనే సర్కారు ఆదాయ వ్యయాల మీద పుస్తకం రాశాడు. లెక్కడగడం ఆయన నేర్పిన విద్యే.

వచ్చే ధర్నాకి ముందు వరసలో కూచుందాం. జై భీమ్!