ఫుట్‌నోటుకు పనికిరాని గొంతులా?

"ఫేస్‌బుక్ పోస్టులూ వాట్సాప్ సందేశాలూ పరిశోధనకు ఆధారాలు కావు. ప్రభుత్వ నివేదికలు, ప్రామాణిక గ్రంథాలు చూడండి." విశాఖ పారిశ్రామిక వాడల్లో స్త్రీల ఆరోగ్యం గురించి ఒక విద్యార్థిని రాసిన అధ్యాయాన్ని పరీక్షకులు ఈ రెండు వాక్యాలతో తిప్పిపంపారు. పైకి ఎంతో నిష్పాక్షికంగా కనిపించే ఈ నియమం ఎవరి పక్షాన నిలబడుతోందో ఒక్క వుదాహరణతో చూద్దాం.

2020 మే 7 తెల్లవారుజామున గోపాలపట్నం పక్కన ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. నిద్రలో వున్న వూరిని లేపడానికి సైరన్ మోగలేదు. మోగించే ఏర్పాటు 36 చోట్ల వుండి కూడా మోగించలేదన్న సంగతి ప్రభుత్వ ఉన్నతస్థాయి కమిటీ నివేదికకు ఎక్కడానికి జులై దాకా పట్టింది. నడుస్తూ నడుస్తూ రోడ్డు మీద కూలిపోతున్న మనుషుల వీడియోలను మాత్రం దేశమంతా ఆ ఉదయమే చూసింది. ఈ రెండు నెలల కాలాన్ని పరిశోధకురాలు ఎలా రాయాలి? ఏమీ జరగనట్టు ఖాళీగా వదిలేయాలా?

కమిటీ నివేదిక అక్కర్లేదని నేననడం లేదు. ట్యాంకులో వేడి ఎందుకు పెరిగిందో అందులోనే తెలుస్తుంది. కానీ చంకలో బిడ్డతో ఏ దిక్కుకు పరిగెత్తాలో తెలియని తల్లికి ఏమైందో చెప్పడం దాని పని కాదు. ఆమె చెప్పుకుంటే ఫోన్లోనే చెప్పుకుంటుంది. లాక్‌డౌన్ రోజుల్లో ప్రశ్నావళి పట్టుకుని ఆమె గుమ్మం దాకా వెళ్లగలిగిన పరిశోధకులు ఎందరు?

ఈ అభ్యంతరం మనకు కొత్తేమీ కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది. పార్టీ పత్రాల్లో, ప్రభుత్వ దస్త్రాల్లో దొరకని చరిత్ర ఆ ముసలి గొంతుల్లో దొరికింది. ఆనాడు క్యాసెట్లో పలికిన గొంతుకు చోటిచ్చిన మనం ఈనాడు వాయిస్ మెసేజీలో పలికిన గొంతును గుమ్మం బయట నిలబెడతామా?

విశ్వవిద్యాలయం నమ్మని ఈ మాటలను రాజ్యం మాత్రం బాగా నమ్ముతుంది. ఎల్జీ పాలిమర్స్ గురించి ప్రశ్నలున్న ఒక ఫేస్‌బుక్ పోస్టును పంచుకున్నందుకు, గుంటూరులో అరవై ఏళ్లు దాటిన ఒక మహిళ మీద అదే నెలలో సీఐడీ కేసు పెట్టింది. కేసు పెట్టడానికి సరిపోయిన పోస్టు ఫుట్‌నోటుకు సరిపోదట! న్యాయవ్యవస్థ కూడా పరిశోధనా మండళ్లకంటే ముందుంది. 2024 జులై 1 నుంచి అమల్లో వున్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డును ఏ పద్ధతిలో సాక్ష్యంగా స్వీకరించాలో చెబుతోంది. కోర్టుకు పద్ధతి దొరికినప్పుడు పీహెచ్.డి. పరీక్షకులకు ఎందుకు దొరకదు?

అలాగని ఫోన్లో వచ్చిందల్లా నిజం కాదు. గ్యాస్ మళ్లీ లీకవుతోందన్న వార్త పాకి, ఆ మరుసటి అర్ధరాత్రి జనం ఇళ్లు వదిలి రోడ్లెక్కారు. అలాంటిదేమీ లేదని పోలీసులు చెప్పాల్సి వచ్చింది. కాబట్టి సరిచూసుకోక తప్పదు. ప్రభుత్వ లెక్కనైనా, పత్రికా వార్తనైనా సరిచూసుకోవాల్సిందే కదా.

ఇంతకంటే పెద్ద ప్రమాదం మరొకటి వుంది. మన విద్యార్థులు వాడే అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ శైలి 2019 నాటి ఏడో ముద్రణలో ట్వీటునూ ఫేస్‌బుక్ పోస్టునూ ఎలా ఉటంకించాలో వుంది. రచయిత పేరు, తేదీ, పోస్టులోని మొదటి ఇరవై మాటలు ఇవ్వాలి. వృత్తిరీత్యా రాసే వారికి ఇది గౌరవం. బస్తీలో బతికే స్త్రీకి? ఆ ఇరవై మాటలు వెతికితే చాలు, భర్తకూ మేస్త్రీకీ పోలీసులకూ ఆమె దొరికిపోతుంది. గుంటూరు కేసు తర్వాత కూడా ఇది వూహేనని ఎవరైనా అనగలరా?

అందుకే, చోటివ్వండని విశ్వవిద్యాలయాలను అడుగుతూనే, మనకు మనం కొన్ని షరతులు పెట్టుకోవాలి. అందరికీ కనిపించేలా పెట్టింది కదా అని తీసుకోకూడదు, ఆమెను అడగాలి. పోస్టు రేపు వుండకపోవచ్చు గనక చూసిన తేదీతో ప్రతి భద్రపరచాలి. ఘటనను కనీసం మరో ఆధారంతో సరిచూడాలి. పేరు వేయాలో వద్దో నిర్ణయించే హక్కు ఆమెదే. పేరు దాచమంటే మాటలు కూడా మార్చి రాయాలి, వేయమంటే పండితుల పేర్ల సరసనే వేయాలి.

ఈ మాట స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మనకూ వర్తిస్తుంది. గ్రూపుల్లో స్త్రీలు పంచుకున్న బాధను స్క్రీన్‌షాట్ తీసి, దాతలకు పంపే నివేదికలో 'కేస్ స్టడీ'గా అతికించే అలవాటు మనలో లేదా? ఆమె మాట తీసుకుని ఆమెను మరచిపోవడం, ఆమె మాటే చెల్లదనడం - ఈ రెండింటిలోనూ నష్టపోయేది ఆమే. ఆధారం అంటే ఏమిటో నిర్ణయించే బల్ల దగ్గర ఆ స్త్రీలకు కూడా కుర్చీ వుండాలి. పరిశోధనా పద్ధతుల మీద ఈసారి జరిపే సదస్సుకు పరీక్షకులతో పాటు వెంకటాపురం స్త్రీలను కూడా పిలుద్దాం.