గ్యాస్ అయిపోదు

మా పాత సింగిల్ డోర్ ఫ్రిజ్‌ని చంపింది నేనే. మే నెల. ఫ్రీజర్ నిండా మంచు పేరుకుపోయి ఐస్ ట్రే అడుగున కరుచుకుపోయింది. మధ్యాహ్నానికి చుట్టాలొస్తున్నారు, నిమ్మరసంలోకి ఐసు కావాలి. మామిడికాయలు తరిగే కత్తి పుచ్చుకుని మంచు గీకడం మొదలుపెట్టాను. నాలుగో పోటుకి సన్నగా బుస్సుమంది. వేళ్లకి చల్లటి గాలి తగిలింది. ఆ చప్పుడు ఆగేదాకా చూసి, మిగతా మంచు కూడా గీకేసి, ట్రే బయటికి లాగి తలుపేశాను. రాత్రికి పాలు విరిగాయి.

మర్నాడు వచ్చిన మెకానిక్ లోపలికి టార్చి కొట్టి, "కత్తి పెట్టారా సార్?" అన్నాడు. ఆ రకం ఫ్రిజ్‌లో ఫ్రీజర్ డబ్బాయే చల్లదనం పుట్టే చోటు. రెండు అల్యూమినియం రేకుల మధ్య గ్యాస్ తిరిగే దారులుంటాయి. అట్ట ముక్కంత మందం కూడా ఉండదు. రెగ్యులేటర్ నడుమనున్న బటన్ నొక్కి ఒక రాత్రి ఊరుకుంటే మంచు దానంతట అదే కరిగేది. ఆ బటన్‌ని నేను పదకొండేళ్లుగా చూస్తూనే ఉన్నాను. దసరాకి బొట్టు పెట్టింది కూడా సరిగ్గా దాని పక్కనే.

బుస్సుమన్నది ఎక్కడికి పోయిందని ఆ రోజు నేను ఆలోచించలేదు. ఫ్రిజ్ పోయిందన్నదే బాధ. ఎక్స్‌ఛేంజ్‌లో ఎంతిస్తారన్నదే లెక్క.

ఏటా మార్చి నెలలో మన ఇళ్లల్లో ఒక మాట వినిపిస్తుంది. "ఏసీలో గ్యాస్ అయిపోయింది, కొట్టించాలి." మెకానిక్ అంటాడు, మనం తలూపుతాం. రెండున్నర వేలో మూడు వేలో ఇస్తాం. మళ్లీ మార్చికి అదే మాట. బైకులో పెట్రోలు అయిపోతుంది, వంటింటి సిలిండర్లో గ్యాస్ అయిపోతుంది. అవి మండుతాయి కాబట్టి అయిపోతాయి. ఏసీలో గ్యాస్ మండి ఖర్చవదు, అరగదు. రాగి గొట్టాల్లో గానుగెద్దులా తిరుగుతూ గదిలోని వేడిని తీసుకెళ్లి బయట వదిలి మళ్లీ లోపలికి వస్తుంది. మొదట నింపిన గ్యాస్ మిషన్ తుక్కులోకి వెళ్లేదాకా సరిపోవాలి. తగ్గిందీ అంటే ఎక్కడో చిల్లుంది. చిల్లు మూయకుండా గ్యాస్ కొట్టించడమంటే చిల్లుకుండలో నీళ్లు పోయడమే. కాకపోతే కుండలో నీళ్లు నేల మీద కనిపిస్తాయి, ఇది కనిపించదు. మన చేతులు తడవవు.

ఎంత పోతోందో లెక్క చూద్దాం. పాత ఏసీల్లో ఉండే ఆర్-22 గ్యాస్ ఒక్క కిలో గాలిలో కలిస్తే, నూరేళ్ల లెక్కన 1,810 కిలోల కార్బన్ డయాక్సైడ్ చేసినంత వేడి చేస్తుంది. పైగా ఓజోన్ పొరని కూడా తింటుంది. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరుకి యాభై కిలోమీటర్లిచ్చే బండి మీద ముప్పై తొమ్మిది వేల కిలోమీటర్లు తిరిగితే ఎంతో, ఆ ఒక్క కిలో అంత. కొత్త ఏసీల్లో వాడే ఆర్-32 నయం, ఓజోన్ జోలికి పోదు. కానీ అదీ కిలోకి 675 కిలోలు. నేను కత్తితో పొడిచిన ఫ్రిజ్‌లో ఉన్నది ఆర్-134ఎ. అందులో వంద గ్రాములే ఉందనుకున్నా, ఆ నిమ్మరసం ఖరీదు 143 కిలోలు.

బల్బు తీసేస్తాం, కుళాయి కట్టేస్తాం, ప్లాస్టిక్ సంచి వద్దంటాం. మంచిదే. ఆ ఇంట్లోనే వరసగా మూడు వేసవులు చిల్లు మూయకుండా గ్యాస్ కొట్టించి, ఎండలు మండిపోతున్నాయి బాబోయ్ అని వాపోతాం. రోళ్లు పగిలే ఎండలు రోహిణి కార్తె దాకా ఆగకుండా మార్చిలోనే ఎందుకొస్తున్నాయని అడిగేటప్పుడు, మన కిటికీ బయటి ఆ ఇనుప డబ్బా వంక కూడా ఒకసారి చూడాలి.

"మెకానిక్‌లే దొంగలండీ, లీకు వెతకరు" అంటాం. వెతకనిచ్చామా? పద్ధతిగా చేయాలంటే ముందు మిగిలిన గ్యాస్‌ని గాలిలోకి వదలకుండా సిలిండర్లోకి పట్టాలి. నైట్రోజన్ సిలిండర్ మేడ మీదికి మోయాలి. దాంతో ఒత్తిడి పెట్టి అతుకతుకునా సబ్బు నురగ రాసి బుడగ ఎక్కడ లేస్తుందో చూడాలి. చిల్లు దొరికాక బ్రేజింగ్ చెయ్యాలి, లేదా ఫ్లేర్ కోసి కొత్తది తియ్యాలి. ఆ తర్వాత వాక్యూమ్ పంపు తగిలించి అరగంట తగ్గకుండా లోపలి గాలినీ తేమనీ లాగెయ్యాలి. తేమ మిగిలితే నూనెతో కలిసి ఆమ్లమై కంప్రెసర్‌ని తినేస్తుంది. ఆఖరున గ్యాస్‌ని కాటాలో తూచి ఎక్కించాలి. ఎన్ని గ్రాములో ఔట్‌డోర్ యూనిట్‌కి అంటించిన పట్టీ మీదే రాసి ఉంటుంది. ఇదంతా సగం పూట పని. మనమేమో గంటలో చల్లబడాలంటాం. "ముందు గ్యాస్ కొట్టెయ్ బాబూ, లీకు సంగతి తర్వాత చూద్దాం" అన్నది నేనే, మీరే. ఆ 'తర్వాత' ఏ ఇంట్లోనూ వచ్చినట్టు నేను వినలేదు. గంట పనికి బేరమాడి రెండొందలు తగ్గిస్తే, అతను తన అరగంట తగ్గించుకుంటాడు. వాక్యూమ్ పంపు బండి మీదే ఉండిపోతుంది. నట్టు కాస్త వదులుచేసి, గ్యాస్‌తోనే గాలిని బయటికి నెట్టేస్తాడు. మళ్లీ అదే బుస్సు. అది పక్క గదిలో టీవీ చూస్తున్న మనకి కూడా వినిపిస్తుంది.

చేసినవాడితో పాటు చేయించినవాడికీ, చూస్తూ ఊరుకున్నవాడికీ పాపంలో పాలుంటుందని మన పెద్దలు తేల్చేశారు. ఈ మూడు పాత్రలూ మనవే.

ప్రపంచం ఈ విషయంలో చేతులు కట్టుకుని కూర్చోలేదు. అప్పట్లో ఫ్రిజ్‌లలో వాడే వాయువులు ఓజోన్‌ని కొరికేస్తాయని 1974లో షెర్వుడ్ రోలండ్, మారియో మొలీనా చెప్పారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. తగవులాడుకునే దేశాలు కూడా, ఒక్కటి మినహాయించకుండా, అందులో చేరాయి. అలాంటి ఒప్పందాలు చరిత్రలో చాలా అరుదు. 2016లో కిగాలీలో దానికి సవరణ చేసి, ఓజోన్‌ని తినకపోయినా భూమిని వేడెక్కించే వాయువుల్ని కూడా చేర్చారు. మన దేశం 2021లో దానికి ఆమోదం తెలిపింది. 2032 నుంచి వాడకం మెట్టు మెట్టుగా తగ్గించాలి. 2019లో కేంద్రం తెచ్చిన శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక లక్షమంది సర్వీసు మెకానిక్‌లకి శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. ఫ్యాక్టరీలో ఏ గ్యాస్ నింపాలో లెక్కలున్నాయి, తనిఖీలున్నాయి. అన్ని దేశాలూ కలిసి రాసుకున్న ఒప్పందం అలా నడుచుకుంటూ వచ్చి మా మూడో అంతస్తు కిటికీ దగ్గర ఆగిపోతుంది. అక్కడ తనిఖీకి ఎవరూ రారు. ఉన్నది మనం, ఒక కుర్రాడు, వాడి చేతిలో పానా.

ఆ కుర్రాడి గురించి చెప్పాలి.

మేముండేది విజయవాడలో, ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. ఔట్‌డోర్ యూనిట్లు బాల్కనీలో పెడితే చోటు పోతుంది, ముందువైపు పెడితే ఎలివేషన్ పాడవుతుంది. అందుకని ప్రహరీకీ బిల్డింగ్‌కీ మధ్యనున్న సందులో, గోడకి రెండు ఇనుప కోణాలు బిగించి వాటి మీద కూర్చోబెట్టాం. కాకి వాలాలన్నా ఒకటికి రెండుసార్లు చూసుకునే చోటు. మొన్న ఉగాదికి ముందు సర్వీసుకి ఒక పాతికేళ్ల అబ్బాయి వచ్చాడు. కిటికీ రెక్క తీసి, నడుం వంచి బయటికి జారాడు. ఒక కాలు సన్‌షేడ్ మీద, ఇంకో కాలు ఆ ఇనుప కోణం మీద. ఎడమ చేత్తో గ్రిల్లు పట్టుకున్నాడు. పానా నోట కరుచుకున్నాడు. సన్‌షేడ్ అంచున పావురాల రెట్ట ఎండి పొడిపొడిగా ఉంది. చెప్పు జారుతోందని రెండు చెప్పులూ విప్పి లోపలికి విసిరాడు. అవి మా సోఫా దగ్గర పడ్డాయి. నేను "జాగ్రత్త బాబూ" అన్నాను. లోపల్నించి మా ఆవిడ, "ఏమండీ, కాఫీ చల్లారిపోతోంది" అంది. వెళ్లి కూర్చుని కాఫీ తాగాను.

నడుముకి బెల్టు లేదు. తాడు లేదు. తాడు నా ఇంట్లో ఉంది, బట్టలారేసుకునేది. అతనికి కాల్‌కి ఇంత అని లెక్క. బెల్టు కట్టుకుని, కొక్కెం తగిలించి, మెల్లగా దిగితే రోజుకి రెండు కాల్స్ తగ్గుతాయి. అయినా కొక్కెం తగిలించడానికి గోడకి రింగు ఎక్కడుంది? కట్టినవాడు పెట్టలేదు, కొన్నవాళ్లం అడగలేదు. మార్బుల్ ఏ రంగో అడిగాం, మాడ్యులర్ కిచెన్ గురించి అడిగాం. ఏసీ బాగుచేసే మనిషి ఎక్కడ నిలబడతాడని ఒక్కరం అడగలేదు. ఏసీ మరమ్మతు చేస్తూ జారిపడి యువకుడి మృతి అని జిల్లా పేజీలో రెండంగుళాల వార్త వస్తే అయ్యో అంటాం. పేజీ తిప్పుతాం.

మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఏడాదికోసారి రోళ్లకి కక్కు కొట్టేవాళ్లు వచ్చేవారు. ఇత్తడి గిన్నెలకి కళాయి పూసేవాళ్లొచ్చేవారు. అరుగు మీద చాప వేసి, మజ్జిగిచ్చి, నీడలో కూర్చోబెట్టి పని చేయించుకునేవారు. ఆ కాలమంతా బంగారమేమీ కాదు. ఆ మజ్జిగ ఏ గ్లాసులో పోసేవారో నాకు గుర్తుంది. అయినా పనివాడికి కూర్చునే చోటైనా ఉండేది.

పాతవాటిని వదిలించుకునే తీరు గురించి ఒక్క ముక్క. ఈ-వేస్ట్ కొత్త నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఫ్రిజ్, ఏసీ, వాషింగ్ మెషీన్ తుక్కయ్యాక వాటిని సరిగా రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులదే. మనమేమో ఐదొందలు ఎక్కువిస్తానన్న పాత సామాన్ల బండికే వేసేస్తాం. అతనికి కావలసింది రాగి, కంప్రెసర్. కటింగ్ ప్లేయర్‌తో గొట్టం తుంచుతాడు. వినిపించేది ఇక చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు నేనడిగేది పెద్ద త్యాగమేం కాదు. మెకానిక్ "గ్యాస్ అయిపోయింది" అన్నప్పుడు "ఎక్కడ కారుతోంది?" అని అడుగుదాం. దొరికేదాకా ఆగుదాం. ఆ సగం పూటకి కూలి గొణగకుండా ఇద్దాం. ఇన్‌డోర్ జాలీలు రెండు వారాలకోసారి మనమే తీసి కుళాయి కింద కడుగుదాం, అది పదినిమిషాల పని. అది కూడా చెయ్యక, లోపల మంచు కట్టి చల్లదనం తగ్గితే, గ్యాస్ లేదనుకుని కొట్టించేవాళ్లు బోలెడుమంది. ఫ్రీజర్ దగ్గరికి కత్తి తీసుకెళ్లకండి, ఇది నా కడుపుమంటతో చెబుతున్నా. బెల్టు లేకుండా కిటికీ దాటతానన్న మనిషిని మాత్రం "వద్దు, ఈ రోజుకి ఏసీ లేకపోయినా ఫరవాలేదు" అని ఆపుదాం. ఒక్క ఇంట్లో ఆపితే అతను పక్క ఇంట్లో దాటతాడు. అందుకే అపార్ట్‌మెంట్ మొత్తం ఒక మాట మీదకి రావాలి. ఎవరికి వారే అన్న చోట ఇది జరిగే పని కాదు.

కాఫీ తాగిన మర్నాటి నుంచి ఆ కప్పు నాకు సయించలేదు. మా అసోసియేషన్ మీటింగులో లేచాను. సందు వైపు ప్రతి అంతస్తులోనూ మనిషి నిలబడేలా ఇనుప మెట్టు, చుట్టూ గ్రిల్లు, బెల్టు తగిలించడానికి గోడకి రింగులు పెట్టిద్దామన్నాను. వెల్డర్ని పిలిపించి అంచనా కూడా వేయించాను. ఫ్లాటుకి నాలుగు వేల రెండొందలు. ఒకాయన మంచి ఆలోచనండీ అన్నాడు. ఇంకొకాయన, ముందు లిఫ్టుకి పెయింటింగ్ అన్నాడు. అద్దెకున్నవాళ్లు ఇవ్వాలా, ఓనర్లా అని ముప్పావుగంట నడిచింది. వాచ్‌మన్ టీలు తెచ్చాడు. సెక్రటరీ మినిట్స్ బుక్కులో 'వచ్చే నెలకి వాయిదా' అని రాసి సంతకం పెట్టించుకున్నాడు. నేనూ పెట్టాను.

ఎల్లుండి గురువారం 402లో ఏసీ సర్వీసు ఉంది.