చదివిన పిమ్మటనే సంతకము

పీహెచ్‌డీ పట్టమునకై కృషిచేయు విద్యార్థి ప్రతి ఆఱు మాసములకును ఒక కాగితమును చేతబట్టుకొని ఒక గదినుండి మఱియొక గదికి తిరుగుచుండుట విశ్వవిద్యాలయముల వరండాలలో నడచినవారందఱును చూచియే యుందురు. ఆ కాగితముపై గైడు సంతకము మొదట పడును. పిదప సలహా సంఘ సభ్యుల సంతకములు, ఒకరిది తరగతికి పోవు దారిలోను, వేఱొకరిది భోజనవేళ బల్లచెంతను, ఇంకొకరిది మఱునాటి యుదయమునను, ఒకటొకటిగా చేరును. సంఘము సమావేశమైనట్లు అందు వ్రాసియుండును గాని సమావేశము జరుగలేదు. ప్రగతి సంతృప్తికరమని యుండును గాని ఆ సంతృప్తి యెవరికి కలిగినదో విద్యార్థికిని తెలియదు. అన్నిచోట్లను ఇట్లే జరుగుచున్నదని నేననను. పుటపుటయు తిరుగవేసి, విద్యార్థిచేత తన వాదమును తానే మఱల ఆలోచింపజేసిన సంఘములను నేనెఱుగుదును. అట్టివానిలో కూర్చుండు భాగ్యము నాకును కలిగినది. అయినను ముప్పది సంవత్సరములకు పైగా అధ్యాపకవృత్తిలో నుండి విశ్రాంతి పొందిన నాకు, మన పరిశోధనను లోలోపల గుల్లచేయుచున్న కారణములలో ఈ చదువని సంతకమే మొదటిదని తోచుచున్నది.

సంఘమెందులకు ఏర్పడినదో నిబంధనలు స్పష్టముగనే చెప్పుచున్నవి. విశ్వవిద్యాలయముల గ్రాంట్ల కమిషను (యూజీసీ) పీహెచ్‌డీ విషయమై 2009లోను, 2016లోను, తిరిగి 2022 నవంబరు 7వ తేదీనను నియమావళులను ప్రకటించినది. వీనిలో కడపటి దానిని బట్టి ప్రతి పరిశోధక విద్యార్థికిని ఒక పరిశోధన సలహా సంఘముండవలెను. విద్యార్థి ప్రతిపాదనను పరిశీలించి విషయమును నిర్ణయించుటయు, పరిశోధన పద్ధతిని రూపొందించుకొనుటలో దారిచూపి అవసరమైన కోర్సులను సూచించుటయు, పని నడచుచున్న తీరును కాలానుగుణముగ సమీక్షించి తోడ్పడుటయు దాని విధులు. విద్యార్థి ప్రతి సెమిస్టరునందును సంఘము నెదుట నిలిచి తన పనిని వివరించి, సంక్షిప్త నివేదికను సమర్పింపవలెను. సంఘము తన సిఫారసులను సంస్థకు పంపుటయే గాక వాని ప్రతిని విద్యార్థికిని ఈయవలెను. పని సరిగా సాగనియెడల కారణములను వ్రాతపూర్వకముగ నమోదుచేసి, దిద్దుబాటు మార్గములను చూపవలెను. ఆ మార్గములను విద్యార్థి అనుసరింపనప్పుడే, నిర్దిష్టమైన హేతువులతో, రిజిస్ట్రేషను రద్దునకు సిఫారసు చేయవచ్చును. ఈ వాక్యములను నెమ్మదిగ చదివినవారికి ఒక సంగతి తెలియకపోదు. సంఘమునకు శిక్షించు నధికారము చిట్టచివర నీయబడినది. దానికి ముందున్నవన్నియు సహాయము చేయవలసిన బాధ్యతలే.

మన తెలుగువారికి ఈ భావము క్రొత్తది కాదు. అష్టావధాన సభను తలచుకొనుడు. నిషిద్ధాక్షరి నిచ్చువాడు ప్రతి యక్షరమునొద్దను అడ్డు నిలుచును. దత్తపది నిచ్చువాడు పొంతనలేని నాలుగు పదములను ముందుంచి పద్యమున ఇముడ్చుమనును. సమస్య నిచ్చువాడు అసంగతముగ కనుపించు పాదమును సంగతము చేయుమనును. అప్రస్తుత ప్రసంగి ధారను తెంపజూచును. ఎనమండుగురిలో ఒకరి పనిని మఱియొకరు చేయరు, ఎవరును ఊరకయు కూర్చుండరు. ఇట్లు ప్రశ్నించు పృచ్ఛకుడు అవధానికి శత్రువు కాడు. అతని ప్రశ్న ఎంత బిగువుగ నుండునో అవధాని పద్యమంత ప్రకాశించును. సిద్ధపడి రాని పృచ్ఛకుడు సభను పాడుచేయునని అవధాన ప్రియులందఱు నెఱుగుదురు. సలహా సంఘమునను ఇట్టి పని విభాగమే యుండవలెనని నా యభిప్రాయము. ఒకరు ఆ విషయమున నిష్ణాతులై యిదివఱకు వెలువడిన గ్రంథములనెల్ల నెఱిగియుండవలెను. ఒకరు పద్ధతిని, అనగా లెక్కలు గాని, శాసనములను చదువు విధానము గాని, ప్రయోగశాలలోని కొలతలు గాని, పరీక్షింపగలవారై యుండవలెను. మూడవవారు పొరుగు శాఖనుండి వచ్చి, విషయము తెలియనివాడడుగు సామాన్యమైన ప్రశ్నను సంకోచము లేక అడుగవలెను. ఈ మూడవవారి ప్రశ్నయే తఱచుగా అన్నిటికంటె విలువైనదని అనుభవము చెప్పుచున్నది.

ఆ యనుభవమును దాచుకొనక చెప్పెదను. చేనేత కుటుంబముల ఋణభారమును గూర్చి పరిశోధించుచున్న ఒక విద్యార్థిని సంఘములో నేను సభ్యుడనుగా నుంటిని. ఆమె శ్రమకు కొఱతలేదు. మగ్గముల గుంటలచెంత కూర్చుండి, రెండు సంవత్సరములపాటు ఇంటింటి లెక్కలను వ్రాసికొని వచ్చెను. నేను అయిదుసార్లు ఆమె ప్రగతి పత్రముపై సంతకము చేసితిని. నాలుగవ యేట, పదవీ విరమణ చేసిన ఒక సభ్యుని స్థానమున గణాంకశాస్త్ర శాఖనుండి ఒక యువ అధ్యాపకుడు సంఘములోనికి వచ్చెను. ఆయన నివేదికను ఇంటికి తీసికొనిపోయి చదివి, సమావేశమున ఒక్కటే ప్రశ్న యడిగెను: “ఈ యిండ్లను మీరెట్లు ఎంచుకొంటిరమ్మా?” సహకార సంఘముల సభ్యుల జాబితాలనుండి యని యామె యుత్తరము. అంతట మాకందఱకును విషయము తెలిసినది. ఆ సహకార సంఘములలో చేరక మాస్టరు వీవరు నూలు తెచ్చియిచ్చిన కూలికి నేయువారు ఆమె లెక్కలలో ఒక్కరును లేరు. షావుకారు వద్ద బాకీపడి ఋణమున మునిగియున్నవారు ముఖ్యముగ వారే గదా. ఆమె గైడు తల వంచుకొనెను. నేనును వంచుకొంటిని. మొదటి సమావేశముననే అడుగవలసిన ఆ ప్రశ్నను అడుగుటకు నాకు గణాంకశాస్త్రము తెలియనక్కఱలేదు, రెండవ అధ్యాయమును చదివియుండిన చాలును. ఆమె మఱల ఊళ్లకు పోవలసివచ్చెను; ఎనిమిది నెలలు అదనముగ పట్టినవి. ఆ యెనిమిది నెలల మూల్యమును చెల్లించినది ఆమెయే గాని, చదువక సంతకము చేసిన నేను కాను.

మూల్యమని నేనన్నది అలంకారముగ కాదు. జాతీయ పరీక్షలో నెగ్గి జూనియరు పరిశోధక ఫెలోషిప్పు (జేఆర్‌ఎఫ్) పొందిన విద్యార్థికి 2023 జనవరి మొదలుకొని నెలకు 37,000 రూపాయలును, సీనియరు (ఎస్‌ఆర్‌ఎఫ్) స్థాయికి పోయిన పిమ్మట 42,000 రూపాయలును ఇచ్చుచున్నారు. రెండేండ్లు గడచిన తరువాత ఈ స్థాయి మార్పు నిపుణుల కమిటీ మదింపు మీద ఆధారపడియుండును. ఆ కమిటీ కూడుట ఎన్ని నెలలు ఆలస్యమైన అన్ని నెలలు ఆ పెరిగిన పైకము చేతికందక నిలిచిపోవును. ఫెలోషిప్పు మొత్తము కాలము అయిదేండ్లు. పీహెచ్‌డీకి సామాన్యముగ గరిష్ఠ గడువు ఆఱేండ్లు. ఆఱవ యేట ఇంటినుండి డబ్బు తెచ్చుకొని హాస్టలులో నుండువారిని, ఫెలోషిప్పన్నదే యెఱుగక జూనియరు కళాశాలలో పాఠములు చెప్పుకొనుచు రాత్రులందు థీసిస్ వ్రాసికొనువారిని మన రాష్ట్ర విశ్వవిద్యాలయములలో ఎచ్చట వెదకినను చూడవచ్చును. స్త్రీల విషయమున నియమావళి ప్రసూతి, శిశుసంరక్షణల నిమిత్తము 240 దినముల వఱకు సెలవును, అదనపు గడువును ఇచ్చియున్నది. ఆ సెలవు అనంతరము వచ్చిన తల్లిని “ఏడాదిగా ఏమి చేసితివి?” అని యడుగుట సభ్యుడు తన చేతనున్న నియమమునే చదువలేదని చాటుకొనుట.

ఇక సంఘము మూగవోవుటకు గల కారణమును చూతము. నియమావళి ప్రకారము విద్యార్థి గైడే ఈ సంఘమునకు కన్వీనరు. సమావేశమును పిలుచువాడును, అచ్చట ఏమి జరిగెనో వ్రాయువాడును ఆయనయే. విద్యార్థి ముందున్న కష్టము గైడు వలననే కలిగినదై యున్నప్పుడు, అధ్యాయములు ఆయన బల్లపై నెలల తరబడి పడియున్నప్పుడు, పరిశోధనకు సంబంధము లేని పనులు చెప్పుచున్నప్పుడు, ఆ మాటను ఆయన సమక్షముననే, ఆయన పిలిచిన సభలోనే చెప్పుట ఎవరికి సాధ్యము? రేపు ఉద్యోగమునకు సిఫారసు లేఖ వ్రాయవలసినవాడు ఆయన. ఎల్లుండి ఇంటర్వ్యూ బోర్డులో కూర్చుండువారు ఆయన మిత్రులు. ఇక సభ్యులో, పలుచోట్ల ఆయన శాఖలోనివారే. అందొకరు ఆయన చేతిక్రింద పదోన్నతికై ఎదురుచూచుచున్న సహాయాచార్యులై యుండవచ్చును. “నీ విద్యార్థి కాగితముపై నేను సంతకము చేసెదను, నా విద్యార్థి కాగితముపై నీవు చేయుము” అను ఒప్పందము నోట ననబడకయే చెల్లుచున్నది. ఇందు దుర్మార్గులెవరును లేకపోవచ్చును. మర్యాదస్థులైన మంచివారు నలుగురు కూడినప్పుడే ఈ మౌనము మఱింత దృఢముగ నిలుచును.

గైడుల మంచితనమును శంకించుట నా యుద్దేశము కాదు. నా గైడు తన చేతివ్రాతతో నా థీసిస్ అంచులన్నిటిని నింపిన మహానుభావుడు. ఆయన ఋణము తీరునది కాదు. కాని ఒక మనుజుని భవిష్యత్తును ఒక్కని మంచితనముపైననే నిలుపరాదనుటయే ఈ సంఘము పుట్టుకకు మూలము. అమెరికాలో మన తెలుగు పిల్లలు వేలకొలది చదువుచున్న విశ్వవిద్యాలయములలో కొన్ని ఈ సంగతిని గుర్తించి, డాక్టొరేట్ కమిటీలో విద్యార్థి శాఖకు సంబంధములేని సభ్యునొకని తప్పనిసరి చేసినవి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున ఆయనను గ్రాడ్యుయేట్ స్కూల్ ప్రతినిధి యందురు. మేరీలాండ్ విశ్వవిద్యాలయమున డీన్ ప్రతినిధి యందురు. థీసిస్ విషయముకంటె పరీక్ష న్యాయముగ జరిగెనా లేదా యను విషయమును చూచుటయే ఆయనకు ముఖ్యమైన పని. ఇట్టి ఏర్పాటును తెచ్చుకొనుటకు మన విశ్వవిద్యాలయములకు క్రొత్త చట్టమేదియు అక్కఱలేదు. సంఘ సభ్యులలో ఒకరు పొరుగు శాఖవారై యుండవలెనని అకడమిక్ కౌన్సిల్ తీర్మానించుకొనిన చాలును. ప్రతి సమావేశమునను గైడు పది నిమిషములు వెలుపల కూర్చుండగా విద్యార్థి తక్కిన సభ్యులతో మాటలాడవలెనను ఆచారమును ప్రవేశపెట్టిన చాలును. అందఱికిని ఒకే నియమమైనప్పుడు ఏ గైడును దానిని అవమానముగ భావింపడు, ఏ విద్యార్థియు ఫిర్యాదుదారుగ కనుపింపడు.

గైడుగా ఎందఱిని తీసికొనవచ్చునో హద్దు కలదు; ఆచార్యులకు 8 మంది, సహ ఆచార్యులకు 6 మంది, సహాయాచార్యులకు 4 మంది. కాని ఒక్కొక్కరు ఎందఱి సంఘములలో సభ్యులుగ నుండవచ్చునను ప్రశ్నను మా శాఖలో అడిగినవారిని నేను చూడలేదు. పదునైదుమంది నివేదికలు ఒకే వారమున వచ్చి పడినప్పుడు ఎంతటి నిష్ఠగలవాడైనను చదువజాలడు. చదువుటకు తీరికలేనివారు సభ్యత్వమును మొదటనే నిరాకరించుట అమర్యాద కాదు, విద్యార్థికి చేయదగిన మొదటి యుపకారము. థీసిస్ సమర్పణకు ముందు పత్రికలలో వ్యాసము ప్రచురింపవలెనను 2016 నాటి నిర్బంధమును 2022 నియమావళి తొలగించిన పిమ్మట ఈ బాధ్యత మఱింత పెరిగినది. డబ్బు తీసికొని ఏదైనను అచ్చువేయు పత్రికలు ఆ నిర్బంధమును ఎట్లు అపహాస్యము చేసినవో తెలిసినవారు దాని తొలగింపును తప్పుపట్టరు. కాని వెలుపలి పరీక్ష ఒకటి తగ్గినప్పుడు, ఇంటిలోని పరీక్ష గట్టిపడవలెను గదా.

విద్యార్థి విధులను గూర్చి చెప్పవలసినది కొద్దియే. సమావేశమునకు ముందునాటి రాత్రి ఎనుబది పుటలను పంపి, సభ్యులు చదువలేదని నొచ్చుకొనుట తగదు. పదునైదు దినములు ముందుగ, ఈ ఆఱు మాసములలో చేసినదేమి, చేయలేకపోయినదేమి, ఎచ్చట దారి తోచకున్నదో రెండు పుటలలో వ్రాసి పంపవలెను. విఫలమైన ప్రయోగమును, దొరకని తాళపత్రమును, తలుపు తీయని గ్రామమును దాచరాదు. సంఘము సాయపడగలిగినది అచ్చటనే. సమావేశమైన పిదప, ఎవరేమి సూచించిరో తానే వ్రాసి అందఱికిని పంపవలెను. సిఫారసుల ప్రతిని అడిగి తీసికొనవలెను. అది గైడు అనుగ్రహము కాదు, నియమావళి విద్యార్థికిచ్చిన హక్కు.

చేనేత కుటుంబములను పరిశోధించిన ఆమె ఇప్పుడు మఱియొక విశ్వవిద్యాలయమున గైడుగా నున్నది. గత సంవత్సరము తన విద్యార్థి సంఘములో వెలుపలి సభ్యుడనుగ నుండుమని నన్ను కోరి, నివేదికతోపాటు ఒక చిన్న ఉత్తరమును జతపఱచెను: “సార్, సమావేశమునకు మూడు దినములు ముందుగ మీ ప్రశ్నను ఒక్కటైనను వ్రాసి పంపుడు. ప్రశ్న రానియెడల సమావేశమును వాయిదా వేసికొందుము.” నేను ఆ నివేదికను రెండుసార్లు చదివితిని. మొదటి ప్రశ్నగా, ఈ ఊళ్లను ఎట్లు ఎంచుకొంటిరని వ్రాసి పంపితిని.